ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు పెద్ద వీడియోలు: ప్రొద్దుటూరు బస్టాండులో మేం పడిన తిప్పలు

చెల్లెలి ఐఫోన్‌లో ఉన్న 12 జీబీ పెళ్లి వీడియోలు క్వాలిటీ పోకుండా, కేబుల్ లేకుండా మీ వివో ఫోన్‌లోకి ఎలా తెచ్చుకోవాలని అడిగారు. టైమ్ లేకపోతే ఇంతే గుర్తుపెట్టుకోండి: రెండు ఫోన్లలోనూ లోకల్‌సెండ్ అనే యాప్ వేసుకోండి, మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టండి, అది 5 గిగాహెర్ట్జ్ మీద ఉండాలి. యాప్ దించుకోవడానికి తప్ప ఇంటర్నెట్ అక్కర్లేదు. టైమ్ ఉంటే పోయిన దసరాకు మేం పడిన తిప్పలు కూడా చదవండి, మీకు అవి తప్పుతాయి.

మాది ప్రొద్దుటూరు. మా ఊరి దసరా ఎట్లుంటుందో కడప జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు. తొట్టిమెరవణి, అంటే దసరా దీపాల ఊరేగింపు, చూడ్డానికి బెంగళూరు నుంచి వచ్చిన మా బావ, కొత్త ఐఫోన్‌తో ఆ రాత్రంతా తీస్తూనే ఉన్నాడు. 4కే, సెకనుకు 60 ఫ్రేములు. అట్లా తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ పడుతుందని ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లోనే రాసి ఉంటుంది, ఎవరు చదువుతారు? 23 నిమిషాలకు 9 జీబీ దాటింది. "ఊరికి పోయినాక పంపిస్తాలే బామ్మర్దీ" అన్నాడు. ఉగాది ఫొటోలప్పుడు కూడా ఇదే మాట, అవి నేటికీ రాలేదు. అందుకే మర్నాడు రాత్రి బస్టాండులో, బస్సుకు గంట ముందే బావను బెంచీ మీద కూర్చోబెట్టినా.

మొదట ఒక ముక్క వాట్సాప్‌లో పంపాడు. గబుక్కున వచ్చింది గానీ, తొట్టి మీది దీపాలన్నీ కలిసిపోయి ఒకటే పసుపు ముద్ద. వీడియోను వీడియోగా పంపితే వాట్సాప్ దాని సైజు, క్వాలిటీ తగ్గించేసి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది, ఒక్కో ఫైలు 2 జీబీ వరకు. కానీ అదంతా నెట్ మీద పైకెక్కి మళ్లీ కిందికి దిగాలి, నాదేమో రోజుకు 1.5 జీబీ ప్యాక్. బ్లూటూత్ మాట మర్చిపోండి. ఐఫోన్ ఆండ్రాయిడ్‌కు బ్లూటూత్‌లో ఫైళ్లు పంపదు. రెండూ ఆండ్రాయిడ్లే అయినా 1 జీబీకి గంట పైనే పడుతుంది.

పక్కన కూర్చున్న ఒకాయన "షేరిట్ ఏపీకే నా దగ్గరుంది, ఎక్కించుకో" అన్నాడు. ఏపీకే అంటే ప్లేస్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కించుకునే యాప్ ఫైలు. ఫైళ్లు పంపుకునే యాప్‌లు షేరిట్, జెండర్ (Xender) రెండూ 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఉన్నాయి. ఇప్పుడు ఎక్కడెక్కడో దొరికే ఆ ఏపీకేల్లో ఏం కలిపారో ఎవరికి తెలుసు? బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో అలాంటివి వేయకండి.

చివరికి లోకల్‌సెండ్. ఉచితం, యాడ్స్ లేవు, ప్లేస్టోర్‌లోనూ యాప్‌స్టోర్‌లోనూ ఉంది. ఫోన్‌కు ఏదో ఒక పండు పేరు అదే పెట్టేస్తుంది. మా బావ స్ట్రాబెర్రీ అయ్యాడు. అయితే ఆ స్ట్రాబెర్రీ నా ఫోన్‌లో ఎంతకీ కనిపించలేదు. పది నిమిషాలు పోయాక తెలిసింది: ఐఫోన్‌లో యాప్ మొదటిసారి తెరిచినప్పుడు లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ అడుగుతుంది, బావ చదవకుండా వద్దని నొక్కేశాడు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి లోకల్ నెట్‌వర్క్ దగ్గర ఆ యాప్‌ను ఆన్ చేస్తే టక్కున కనిపించాడు. వీపీఎన్ (నెట్‌ను వేరే దారిలో మళ్లించే యాప్) ఉంటే అదీ ఆపండి. లాడ్జి వైఫైలో కూడా చాలాచోట్ల ఒక ఫోన్‌కు ఇంకొకటి కనిపించదు, కావాలనే అట్లా పెడతారు. హాట్‌స్పాట్‌తో ఆ గొడవ ఉండదు.

హాట్‌స్పాట్ ఆండ్రాయిడ్ ఫోన్ నుంచే పెట్టండి. పెట్టాక మీ మొబైల్ డేటా ఆపేయండి. లేకపోతే ఐఫోన్ మీ హాట్‌స్పాట్‌ను వైఫై అనుకుని ఫొటోల బ్యాకప్ మొదలుపెడుతుంది, మీ రోజు కోటా నిమిషాల్లో హాంఫట్. ఇంటర్నెట్ లేదని ఐఫోన్ చెబితే చెప్పనీండి, కనెక్షన్ మాత్రం వదలకండి.

ఇక అసలు తేడా వచ్చేది బ్యాండ్ దగ్గర, అంటే హాట్‌స్పాట్ ఏ ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుందన్న దగ్గర. నా హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంది. సెకనుకు 3, 4 ఎంబీ వస్తోంది. లెక్కేస్తే 40 నిమిషాలు, బస్సుకేమో అరగంట. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ అన్నచోట 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి మళ్లీ మొదలుపెడితే 25 ఎంబీ దాకా ఎగిరింది. ఈ బ్యాండ్‌లో గోడ అడ్డొస్తే వేగం పడిపోతుంది, కాబట్టి రెండు ఫోన్లూ పక్కపక్కనే పెట్టుకోండి.

సగం దాటిందో లేదో, మా అక్క ఫోన్ చేసింది. బావ మాట్లాడి, అలవాటు కొద్దీ బటన్ నొక్కి ఫోన్ జేబులో వేసుకున్నాడు. అంతే, ఆగిపోయింది. "యాంది బామ్మర్దీ, నేనేం చేసినా?" అన్నాడు. ఐఫోన్‌లో యాప్ తెర మీద లేకపోతే పంపడం నిలిచిపోతుంది. అప్పటికే వచ్చిన ఫైళ్లు ఉన్నాయి కాబట్టి మిగిలిన వాటినే మళ్లీ ఎంచుకున్నాం. మీరు మాత్రం 12 జీబీ ఒకేసారి పెట్టకండి, నాలుగైదు వీడియోల చొప్పున పంపించుకోండి. చెల్లెలి ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేస్తే పెళ్లివారి ఫోన్లు మధ్యలో రావు.

ఇంకో సంగతి. ఆమె ఐఫోన్‌లో ఆప్టిమైజ్ స్టోరేజ్ ఆన్‌లో ఉంటే అసలు వీడియోలు ఫోన్‌లో కాకుండా ఆపిల్ ఆన్‌లైన్ స్టోరేజ్ ఐక్లౌడ్‌లో ఉండొచ్చు. అలాగైతే ముందు వైఫై మీద వాటిని ఫోన్‌లోకి దించుకోవాల్సిందే. అన్నీ వచ్చాక ప్రతి వీడియో చివరి పది సెకన్లు మీ ఫోన్‌లో ఆడించి చూడండి, ఆ తర్వాతే ఆమెను డిలీట్ చేయమనండి. రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తే ఫైలు పాడైందని అనుకోకండి, ఐఫోన్ హెచ్‌డీఆర్‌ను (వెలుగునీడలు, రంగులు ఎక్కువగా పట్టే వీడియో పద్ధతి) కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు సరిగ్గా చూపించవు. అసలు తెరుచుకోకపోతే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్‌లో ప్రయత్నించండి.

రెండూ ఆండ్రాయిడ్లే అయితే ఈ యాప్ కూడా అక్కర్లేదు, ఫోన్‌లోనే ఉండే క్విక్ షేర్ చాలు. గూగుల్ నియర్‌బై షేర్, శాంసంగ్ క్విక్ షేర్ 2024లో ఒకటైపోయాయి, ఏ కంపెనీ ఫోనైనా దాదాపు పనిచేస్తుంది. 2025 నవంబరులో గూగుల్ పిక్సెల్ 10 నుంచి ఐఫోన్‌లో ఫైళ్లు పంపుకునే ఎయిర్‌డ్రాప్‌కు నేరుగా పంపే వీలు కూడా తెచ్చింది. మీది వివో కాబట్టి ఇప్పటికి లోకల్‌సెండే నమ్మకం. మోడల్ పేరు కింద రాయండి, హాట్‌స్పాట్‌లో 5 గిగాహెర్ట్జ్ వస్తుందో లేదో చూసి చెబుతా.