హైకోర్టులో రిట్ (అధికారి తన పని చేసేలా ఆదేశించమని కోరే పిటిషన్) వేస్తే సామాన్యుడికి ఫలితం ఉంటుందా?

ఉంటుంది. అయితే ముద్ర పడిన అర్జీ నకలు చేతిలో ఉండాలి. మా నాన్న వల్ల నాకు తెలిసొచ్చిన సంగతి ఇది.

మాది కందుకూరు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి సాగులో ఉన్న నాలుగెకరాల మెట్ట. చెల్లి పెళ్లికి ఎకరం అమ్మబోతే రిజిస్ట్రేషన్ కాదన్నారు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద అమ్మకాలు నిషేధించిన భూముల జాబితాలో ఉందట. భూముల పాత రికార్డు అయిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ నకలు తీయిస్తే పట్టాదారు పేరుండాల్సిన గడిలో వరుసగా చుక్కలు. బ్రిటిష్ హయాంలో పేరు తేలక ఎవరో పెట్టిన చుక్కలకు, పెట్టెనిండా శిస్తు రసీదులున్న రైతు సంజాయిషీ చెప్పుకోవాలి! పన్నెండేళ్ల అనుభవం చూపితే చుక్కలు తీసేయాలని 2017లో చట్టమే వచ్చింది. అయినా నాన్న అర్జీల మీద అర్జీలు పెడుతూనే ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో మా ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారాక, ఫైలు ఎక్కడుందో చెప్పేవాళ్లే లేకపోయారు.

చివరిసారి అర్జీ తీసుకున్న గుమాస్తా, "ఇచ్చి వెళ్లండి పెద్దాయనా, చూస్తాం" అన్నాడు. నాన్న కదల్లేదు. రెండో ప్రతి చాచి, "తేదీ వేసి ముద్ర కొట్టివ్వు బాబూ" అంటూ భోజనాల వేళ దాకా ఆ కిటికీ దగ్గరే నిలబడ్డారు. విసుక్కుంటూ కొట్టిన ముద్ర సగమే పడింది. తేదీ మాత్రం కనబడింది.

హైకోర్టు ఉన్న నేలపాడులో వకీలు ముందుగా అడిగింది ఆ కాగితమే. అర్జీ అందినట్టు రుజువు లేకపోతే, అధికారి పట్టించుకోలేదని కోర్టు ఎలా నమ్ముతుంది? 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయింది కనుక 32వ అధికరణం పట్టుకుని నేరుగా ఢిల్లీలోని సుప్రీంకోర్టుకు వెళ్లే దారి లేదు. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోకూడదనే 300ఏ అధికరణం మిగిలింది. దానికోసం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. ప్రతి వాయిదాకూ మనం హాజరు కావాలని చాలామంది భయపడతారు. మేం అఫిడవిట్ సంతకానికి ఒక్కసారే వెళ్లాం.

ఎనిమిది వారాల్లో అర్జీ తేల్చాలని ఉత్తర్వు వచ్చింది. గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఎందరో ఇక్కడే విసిగి వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. కోర్టు ధిక్కరణ పిటిషన్ ఏడాదిలోపు వేయాలి. మేం ఆ నెలలోనే వేశాం. నోటీసు అందిన వారానికి సర్వేయరు, వీఆర్వో మా చేను వెతుక్కుంటూ వచ్చారు.

ఈలోగా చెల్లి పెళ్లి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి చేశాం. చుక్కలు పోయాక ఎకరం అమ్మి ఆ అప్పు తీర్చాం.