బోధనేతరులకు పేర్లుండవా?

అమ్మాయీ,

ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిన రోజుల మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. రైలుపెట్టె వర్ణన బాగుంది. ఇక కోపం సంగతికి వస్తాను.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ యుద్ధంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు చేరింది, మళ్లీ సొంతగూటికి వచ్చింది 1946లో. ఇంత మంచి సరుకు చేతికొస్తే నువ్వు చేసిందేమిటి? వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారిని స్టేజీ ఎక్కించి రెండు పేజీల ఉపన్యాసం చెప్పించావు. బోధన, బోధనేతర సిబ్బంది అంతా ఒకే కుటుంబమని ఆయన అనడం, అందరూ కళ్లు తుడుచుకోవడం! 1930లో సర్కారు అణచివేతకు నిరసనగా కుర్చీ వదిలేసి, 1936లో తిరిగొచ్చిన మనిషి ఆయన. ఆ నోట సర్క్యులర్ భాష పెట్టడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

ఆ భాష రాసే నేను ముప్పై ఏళ్లు బతికాను. ఏ యూనివర్సిటీలోనో చెప్పను. సర్కారు ఇచ్చే బ్లాక్ గ్రాంటు రాక జీతాలు ఆగినప్పుడల్లా రిజిస్ట్రారు పిలిచి "మనవాళ్లకు నాలుగు మంచి ముక్కలు రాయవయ్యా" అనేవాడు. క్లిష్ట సమయం, సమష్టి కృషి, అంకితభావం... పాత ఫైలు తీసి తేదీ మారిస్తే సరిపోయేది. నోటీసు బోర్డు మీద అది చదువుకుని మావాళ్లు కిరాణాకొట్టుకు అప్పుకి వెళ్లేవాళ్లు.

అన్నిట్లోకీ నాకు ఒళ్లుమండే మాట "బోధనేతర". మనిషి ఏం చేస్తాడో చెప్పకుండా ఏం చెయ్యడో చెప్పే మాట. మీ అమ్మను "సంపాదనేతర సభ్యురాలు" అంటే ఊరుకుంటావా? చెరువు తెగకుండా ప్రాణమిచ్చిన కోడలి మీద ఆ రామలింగారెడ్డే కావ్యం రాసి, "ముసలమ్మ మరణము" అని ఆమె పేరే పెట్టాడు. గ్రామస్థుల త్యాగం అనలేదు.

ఓ వానాకాలం మా పరీక్షల విభాగంలోకి మోకాలిలోతు నీళ్లొచ్చాయి. స్ట్రాంగ్‌రూములో జవాబుపత్రాల కట్టలు. మా అటెండరు ఒక్కడే రాత్రంతా మేడమీదికి మోశాడు. తెల్లారేసరికి బెంచీల మీదా, కిటికీ చువ్వలకు కట్టిన పురికొస మీదా తడికాగితాలు. సిరా కారి అతని చొక్కా నీలమైపోయింది. వీసీగారు ప్యాంటు మడుచుకుని మెట్లెక్కి వచ్చారు. అతని కాళ్లకేసి చూసి "చెప్పులేవయ్యా?" అన్నారు.

"కొట్టుకుపోయాయండీ."

ఆయన మరి మాట్లాడకుండా పక్కనే కూర్చుని ఓ కట్ట విప్పి, కాగితాలు ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టారు. అంతసేపూ నిలబడి చూస్తున్న మేమంతా అప్పుడు కదిలాం.

దీన్నే కథ రాసి పంపితే, ఓ వారపత్రిక సంపాదకుడు చెప్పుల మాట కొట్టేసి, వీసీ నోట పన్నెండు లైన్ల ధన్యవాదాలు తనే రాసి అచ్చేశాడు. పాఠకుడికి సందేశం అందాలట! పారితోషికం మాత్రం నాకు ఇప్పటికీ అందలేదు.

నువ్వు ఆ ఉపన్యాసం తీసెయ్యి. లాబొరేటరీ గాజుసామాను గడ్డిలో చుట్టింది ఎవరు? గుంటూరు స్టేషన్లో పెట్టెలు దింపుకున్నది ఎవరు? తెలియకపోతే కల్పించు, కథేగా. కానీ పేరుపెట్టి కల్పించు. రెడ్డిగారు వాళ్లలో ఒకణ్ణి పేరుతో పిలిస్తే చాలు.

కలంపేరు గురించీ, ఏ పత్రికకు పంపాలనే దాని గురించీ అడిగావు. తర్వాత చూద్దాం.

నేనేదో తప్పుచేయనివాణ్ణని అనుకోకు. ఆ అటెండరు రిటైరైనప్పుడు సన్మానపత్రం రాసింది నేనే. ఇంటిపేరు తప్పు పడింది. ప్రూఫు చూసిందీ నేనే. సరిచేసి మళ్లీ అచ్చువేయించి మూడోరోజు వాళ్లింటికి పట్టుకెళ్తే, పాతది అప్పటికే ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు.