అమ్మ కంటి ఫోటో చూసి ఏఐ ఏం చెప్పిందంటే

వైద్యంలో ఏఐ నిజంగా పనికొస్తోందా, లేక అంతా ప్రచారమేనా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా అమ్మ కళ్ల విషయంలో చూసింది చెబుతాను.

అమ్మకు పదిహేనేళ్లుగా షుగర్. చూపు బాగానే ఉంది కదా అని కంటి డాక్టర్ దగ్గరికి ఎన్నడూ వెళ్లలేదు. నిరుడు షుగర్ చెకప్‌కి వెళ్తే అక్కడే ఒక కెమెరాకి గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. రెటీనాను, అంటే కంటి లోపల వెనక ఉండే పొరను, ఫోటో తీస్తే, షుగర్ వల్ల అది దెబ్బతిందో లేదో ఏఐ నిమిషాల్లో చెబుతుందట. కుడి కంటికి ‘రెటీనా డాక్టర్‌కి చూపించండి’ అని వచ్చింది. ఎడమ కంటికి ఏమీ తేల్చలేదు, ఫోటో మసగ్గా ఉందని. మళ్లీ తీసినా అంతే. "నా కన్ను మిషన్‌కి కూడా అంతుపట్టలేదు" అని అమ్మ నవ్వింది గానీ నాకు టెన్షన్ మొదలైంది.

రెటీనా డాక్టర్ చుక్కల మందు వేసి చూశారు. ఎడమ కంట్లో శుక్లం, ఫోటో రాకపోవడానికి కారణం అదే. కుడి కంటి గురించి మిషన్ చెప్పింది నిజమే, లేజర్ చేయాల్సి వచ్చింది. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదో తలచుకోవాలని లేదు.

ఇది నిన్నమొన్నటి వింతేమీ కాదు. 2016లో గూగుల్ పరిశోధకులు లక్షా 28 వేల రెటీనా ఫోటోలతో ఇలాంటి ప్రోగ్రాంకి శిక్షణ ఇచ్చారు. మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ కంటి ఆసుపత్రుల ఫోటోలు కూడా వాటిలో ఉన్నాయి. డాక్టర్ చూడకుండానే ఫలితం చెప్పే ఒక పరికరానికి 2018లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. గూగుల్ ప్రోగ్రాంనే థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో వాడి చూస్తే మాత్రం, ఐదో వంతుకు పైగా ఫోటోలు స్పష్టంగా లేవని అది పక్కన పెట్టేసింది. వెలుతురు సరిగ్గా లేని గదుల్లో తీసినవి కొన్ని. ల్యాబ్‌లో గెలిచిన ప్రోగ్రాం క్లినిక్‌లో తడబడేది ఇక్కడే.

ఇంకో మాట. నాన్నకీ షుగరే. ఆయన కళ్లకు ‘సమస్య లేదు’ అని వచ్చేసరికి, ఇక కంటి డాక్టర్ అక్కర్లేదని తేల్చేశారు. ఆ ప్రోగ్రాం వెతికింది షుగర్ వల్ల రెటీనాకి వచ్చే జబ్బు ఒక్కటే. నీటికాసులు (గ్లకోమా) ఉన్నాయేమో అది చూడలేదు, కంటి ప్రెషర్ కొలవలేదు. ఇది ఆయనకు నచ్చజెప్పి పరీక్షకి తీసుకెళ్లడానికి నాకు మూడు నెలలు పట్టింది.