సిగ్నల్ లేని ఊళ్లో ఇగ్నో డిగ్రీ: ముందు పేరు చూసుకోండి

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర తెలుగువాళ్ల పల్లె, ల్యాప్‌టాప్ లేదు, ఫోన్‌కి టవర్ అంతంతమాత్రం, ఇగ్నోలో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) దూరవిద్యలో బీఏ నడుస్తుందా అని ఒకరు అడిగారు. నడుస్తుంది. అయితే నెట్ కంటే ముందు అడ్డుపడేది మీ పేరు.

అడ్మిషన్‌కి డీఈబీ ఐడీ, అంటే దూరవిద్య విద్యార్థులకి యూజీసీ ఇచ్చే నంబరు కావాలి. దానికి ఏబీసీ ఐడీ (మీ చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), దానికి డిజిలాకర్, దానికి ఆధార్. ఆధార్‌లో పేరు ఎలా ఉంటే చివరిదాకా అలాగే పోతుంది. మనకి ఇంటిపేరు ముందొస్తుంది. ఒడిశా మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్లో అది చివరికి పోవచ్చు, లేదా ఎగిరిపోయి ‘రావు’ అన్నదే ఇంటిపేరై కూర్చుంటుంది. ఆధార్‌లో ‘బి. శంకరరావు’, మెట్రిక్‌లో ‘శంకర్ రావ్’ ఉంటే అక్కడే చిక్కు. ఆధార్‌లో పేరు మార్చుకోడానికి 2 సార్లే అవకాశం. ఆధార్ సెంటర్‌కి సర్టిఫికెట్ పట్టుకెళ్లి, ఆపరేటర్ టైపు చేసింది అక్షరం అక్షరం చూసుకున్నాకే ఒప్పుకోండి. ఓటీపీ వచ్చే నంబరు పాతదైతే అదీ ఆ రోజే మార్పించుకోండి.

పుస్తకాలు ఇగ్నో వాళ్ల వెబ్‌సైట్ ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉచితం. ఆన్‌లైన్‌లో చదవాలని చూడకండి. టౌనుకి వెళ్లిన రోజు సెమిస్టర్ మొత్తం దించేసుకోండి. ప్రతి పాఠం విడి ఫైలు, అన్నిటికీ ‘యూనిట్-1’, ‘యూనిట్-2’ లాంటి పేర్లే. దించిన వెంటనే కోర్సు కోడ్ చేర్చి పేరు మార్చకపోతే రాత్రికి ఏది చరిత్రో ఏది పొలిటికల్ సైన్సో తెలీదు.

నెట్ అందని ఊళ్లకి టీవీ పనికొస్తుంది. ప్రభుత్వ పాఠాల ఛానెళ్లు స్వయంప్రభ, దూరదర్శన్ ఉచిత డిష్ అయిన డీడీ ఫ్రీ డిష్‌లో వస్తాయి, డేటా అక్కర్లేదు. కొత్త పాఠాలు రోజుకి 4 గంటలు, వాటినే మరో 5 సార్లు వేస్తారు. పొద్దున కరెంటు పోయి తప్పితే రాత్రికి దొరుకుతుంది.

అసైన్‌మెంట్లు చేత్తోనే రాయాలి. చాలా కోర్సుల్లో వీటికి 30 శాతం మార్కులు. కాగితమే తీసుకుంటారా, స్కాన్ పంపాలా అన్నది మీ స్టడీ సెంటర్లో ముందే కనుక్కోండి. స్కాన్ అయితే మామూలు కెమెరాతో తీయకండి. పేజీ 3, 4 ఎంబీ, 20 పేజీలకి 80 ఎంబీ దాకా అవుతుంది, మన టవర్ మీద సగంలో ఆగిపోతుంది. స్కానర్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ పెడితే అదంతా 4, 5 ఎంబీలో ఒకే పీడీఎఫ్ అవుతుంది. లేత నీలం పెన్ను ఈ పద్ధతిలో మాయమైపోతుంది, ముదురు సిరాతో రాయండి. కిటికీ దగ్గర, ఫోన్ నీడ కాగితం మీద పడకుండా తీయండి. పంపాక వచ్చే రసీదు స్క్రీన్‌షాట్ మార్కులు పడేదాకా చెరపకండి.