పేర్లు లేని లెక్క తియ్యకు

బుజ్జీకి, పెద్దమ్మ ఆశీస్సులు.

కర్నూలు జిల్లా కోసిగి వైపు బళ్ళలో పిల్లల చదువు ఏడాదిలో ఎంత పెరిగిందో కొలుస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సాయంత్రం పాలబ్బాయికి కూడా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బడి తెరిచి పిల్లలు కుదురుకున్నాక ఒకసారి, వేసవి సెలవుల ముందు ఒకసారి చదివించు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టు. అక్షరం, పదం, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. పల్లె పిల్లలు ఎంత చదవగలరో చూడ్డానికి 2005లో మొదలైన అసర్ సర్వేవాళ్ళ మెట్లే సరిపోతాయి. వాచకంలోది ఇవ్వకు, పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా అప్పజెప్పేస్తారు.

ఇవి నీకు తెలిసినవే. తెలియంది నా తప్పు.

ఆ వైపు పనిచేసేటప్పుడు ఒక ఏడాది జూలైలో మూడో తరగతి పిల్లలు 40 మందిని చదివించాను. కథ చదివినవాళ్ళు 10 మంది. నూటికి పాతిక. ఫిబ్రవరిలో బడిలో ఉన్నవాళ్ళు 24 మంది, కథ చదివింది 12 మంది. నూటికి యాభై! మీటింగులో చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను, సిగ్గులేకుండా.

ఇంటికొచ్చి హాజరుపట్టీ తీస్తే అర్థమైంది. మిగతా 16 మంది అమ్మానాన్నలతో సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరప కోతలకి. వాళ్ళలో కథ చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. నిజంగా పైమెట్టు ఎక్కింది ఇద్దరే. మర్నాడే వెళ్ళి దిద్దాల్సింది. దిద్దలేదమ్మా.

ఏప్రిల్‌లో ఒక పిల్ల తిరిగొచ్చింది. జూలైలో పదాలు చదివిన పిల్ల, అక్షరాల దగ్గరే తడబడింది. రోజుకి ఎన్ని కిలోలు కోసిందో, ఎంత కూలి రావాలో మాత్రం కన్నడంలో గడగడా చెప్పింది. వాళ్ళింట్లో మాట్లాడేది అదే. నా కాగితంలో ఆ లెక్క రాయడానికి గడే లేదు.

అందుకే పేరు పేరునా రాసుకో. జూలైలో ఉన్న పిల్ల మార్చిలో లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యకు, ఎక్కడికి పోయిందో రాయి. తిరిగొచ్చాక ఇంటికే వెళ్ళి చదివించు. అసర్‌వాళ్ళు ఇళ్ళకి వెళ్ళేది ఊరికే కాదు. సగటు అడిగితే ఇవ్వు, పక్కనే ఎంతమంది లేరో కూడా రాసి ఇవ్వు. కసురుకుంటే కసురుకోనీ.

ఇంకో మాట. ట్యాబ్ పట్టుకుని పిల్లల నెత్తిమీద నిలబడకు, చాప మీద కూర్చో. నీ గొంతు అసలే పెద్దది, చిన్నప్పుడు మా పిల్లి కూడా పారిపోయేది.

ఆ 16 పేర్ల కాగితం నా ట్రంకుపెట్టెలోనే ఉంది. వాళ్ళ పిల్లలు ఇప్పుడు నీ బళ్ళలో ఉంటారేమో. వెళ్ళేముందు ఒక పూట వచ్చి పట్టుకుపో. జొన్నరొట్టెలు చేసి పెడతాను.

మీ పెద్దమ్మ