నాన్నగారి అపాయింట్‌మెంట్ గురించి

రమ గారూ, మీ నాన్నగారికి పక్షవాతం, పైగా వినికిడి సమస్య. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అనే రికార్డింగ్ ఆయనకెలా వినపడుతుంది? మా అమ్మ విషయంలో నేనూ విసిగిపోయాను. ఇలా చేయండి.

మందుల మార్పు, రిపోర్టుల్లాంటి వాటికి ఈ-సంజీవని చాలు. ఇంటి నుంచే డాక్టర్‌తో వీడియోలో మాట్లాడే ప్రభుత్వ సేవ అది, ఉచితం. ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చేలా మీ నంబరుతో రిజిస్టర్ చేయండి. వీడియో కాల్‌లో ఆయన పక్కనే కూర్చుని, డాక్టర్ అడిగింది పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించండి. మాకు అదే పనిచేసింది.

నేరుగా వెళ్లక తప్పకపోతే, ముందే ఆయనకు ఆభా నంబరు (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) తీసుకోండి. చాలా ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది. మీరు స్కాన్ చేస్తే టోకెన్ వస్తుంది, అంతవరకూ ఆయన ఆటోలోనే ఉండొచ్చు. ఇంకా ఇబ్బందైతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చేయండి.