భజన రికార్డింగుకి ఆంబిసోనిక్ మైక్ ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: బరంపురంలో ఒక గుడి మండపం, పన్నెండు మంది భజన బృందం, చేతిలో ఒక్కటే ఆంబిసోనిక్ మైక్, అంటే చుట్టూ అన్ని వైపుల శబ్దాన్నీ దిక్కులతో సహా పట్టే మైకు. దాన్ని జనం మధ్యలో పెట్టాలా, పాడేవాళ్ల దగ్గరా? పైగా "తర్వాత కంప్యూటర్లో ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు కదా" అని కూడా రాశారు. నేను బోల్తా పడింది సరిగ్గా ఆ మాట దగ్గరే.

తిప్పుకోవచ్చు, నిజమే. కానీ జరపలేం. ఈ మైకులో నాలుగు క్యాప్సూళ్లు (శబ్దాన్ని పట్టే చిన్న మైకు ముక్కలు) నాలుగు వేర్వేరు వైపులకు, రెండు కాస్త పైకీ రెండు కాస్త కిందకీ చూస్తూ ఒక్కచోటే ఉంటాయి. ఆ నాలుగు ట్రాకుల నుంచి సాఫ్ట్‌వేర్ నాలుగు సిగ్నళ్లు తయారుచేస్తుంది: అన్ని వైపుల శబ్దం ఒకటి, ముందు వెనకలకు ఒకటి, కుడి ఎడమలకు ఒకటి, పైకీ కిందకీ ఒకటి. వాటిని లెక్క ప్రకారం కలిపితే దిక్కు మారుతుంది. హార్మోనియం మైకుకి ఎంత దూరంలో ఉందన్నది మాత్రం రికార్డు నొక్కిన క్షణానే ఖాయమైపోతుంది.

మాది పర్లాకిమిడి. మూడేళ్ల క్రితం ఒక కార్తీక సోమవారం భజనకి, వినేవాడు కూర్చునే చోట పెడితే విన్నట్టే వస్తుందనుకొని, జనం మధ్యలో ఎనిమిది మీటర్ల దూరంలో స్టాండు నిలబెట్టాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కొబ్బరికాయ కొట్టిన చప్పుడు, ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చిన చప్పుడు, నెత్తిమీద ఫ్యాను, ఒక పిల్లాడి ఏడుపు, అన్నీ అద్భుతంగా ఉన్నాయి. పాట మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంది. అక్కడ కూర్చున్న మనిషికి అవేవీ అడ్డు రావు, మనసు పాట మీద ఉంటుంది కాబట్టి. మైకుకి మనసు లేదు, వీపు అంతకన్నా లేదు. మామూలు కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకు) అయితే వీపు జనం వైపు పెడతాం. దీనికీ తర్వాత సాఫ్ట్‌వేర్లో పాడేవాళ్ల వైపు చూసే కార్డియాయిడ్‌ని తయారుచేయొచ్చు, వెనక గోల కొంత తగ్గుతుంది. కానీ స్లాబు, గచ్చు, గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని ముందు వైపు నుంచీ వస్తుంది. అది పోదు.

అందుకే ఇప్పుడు పాడేవాళ్లనే అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, మైకు ఆ వంపు లోపల పెడుతున్నాను. అందరికన్నా దగ్గరి మనిషికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు. మీటరు కంటే దగ్గరికి వెళ్లను, ఒక్కడు కాస్త వంగినా అతని గొంతు మొత్తం మింగేస్తుంది. ఎత్తు, కూర్చున్నవాళ్ల తలకి జానెడు పైన. మరీ కింద పెడితే ముందు వరస వెనక వరసని కప్పేస్తుంది.

అసలు పని మాత్రం మైకుని జరపడం కాదు, మనుషుల్ని సర్దడం. తాళాలాయన ఎప్పుడూ హార్మోనియం పక్కనే కూర్చుంటాడు, బతిమాలి వెనక్కి పంపండి. మీటరు దూరంలో ఉన్నవాడు రెండు మీటర్లకు వెళితే నేరుగా వచ్చే మోత 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మిక్సింగులో ఆయన్ని విడిగా తగ్గించడానికి ఆయనకి వేరే ట్రాకు లేదు మరి. నేను అడిగితే మా తాళాలాయన నొచ్చుకున్నాడు, రికార్డింగు వినిపించాక తనే వెనక వరసకి వెళుతున్నాడు.

మైక్‌సెట్టు వాళ్లతో ముందే మాట్లాడండి. సౌండ్ బాక్సులు మీ మైకు కంటే ముందుకి, జనం వైపు తిరిగి ఉండాలి. లేకపోతే ఒకే గొంతు రెండుసార్లు వస్తుంది, ఒకసారి మనిషి నుంచి, ఒకసారి బాక్సు నుంచి. పెద్ద పాటకుడికి విడిగా ఒక మైకు పెట్టి తర్వాత కలపాలనుకుంటే ఆ ట్రాకుని కాస్త ఆలస్యంగా వినిపించేలా జరపాలి, ఆయనకీ ఆంబిసోనిక్ మైకుకీ మధ్య దూరం మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్ల లెక్కన.

నాలుగు ఛానళ్ల గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే స్థాయి) కచ్చితంగా ఒకటే ఉండాలి, ఒక్కటి తేడా వచ్చినా దిక్కులు చెదిరిపోతాయి. రికార్డర్లో లింక్ చేసేయండి. బయట పందిట్లో అయితే గాలి హోరు పడకుండా మైకుకి బొచ్చు తొడుగు తప్పనిసరి.

చివరగా తప్పెటగుళ్ల సంగతి, గజ్జెలు కట్టి తప్పెట్లు వాయిస్తూ ఆడే ఉత్తరాంధ్ర జానపద ఆట అది. గుండ్రంగా తిరిగే ఆటకి మైకు సరిగ్గా నడిమధ్యలో ఉంటే వినేవాడి చుట్టూ గజ్జెలు తిరుగుతాయి, ఈ మైకు కొన్నందుకు అప్పుడు తృప్తి కలుగుతుంది. కానీ వాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే ఘట్టం ఉంటుంది, మధ్యలో స్టాండు ఉంటే ప్రమాదం. నేను పందిరి రాటకి అడ్డంగా వెదురు కట్టి, దానికి గట్టిగా బిగించి తలకిందులుగా వేలాడదీశాను. మైకు తలకిందులుగా ఉందని రికార్డర్‌కి చెప్పే సెట్టింగు మార్చడం మరచిపోయాను. గజ్జెలు ఆకాశంలో మోగాయి, కుడి నుంచి ఎడమకి తిరిగినవాళ్లు ఎడమ నుంచి కుడికి తిరిగారు. అది దిక్కుకి సంబంధించిన తప్పు కాబట్టి సాఫ్ట్‌వేర్లో రెండు సిగ్నళ్లు తిరగేస్తే ఐదు నిమిషాల్లో సరిపోయింది. కార్తీక సోమవారం ఫైలు మాత్రం ఇప్పటికీ అలాగే నూతిలో ఉంది.